బాల్కనీ లెక్కలో డి గ్రేడు

ఆ ఇంట్లో చిన్న కూతుర్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ ఆమె టేప్‌రికార్డర్. బళ్ళో పద్యమైనా, సైన్సు పాఠమైనా రెండుసార్లు చదివితే చాలు, మూడోసారి కళ్ళు మూసుకుని గడగడా అప్పజెప్పేసేది. సిటీ బస్సు నడిపే నాన్న, ఇంటికి ఎవరొచ్చినా ఆమెను హాల్లో నిలబెట్టి ఏదో ఒకటి అప్పజెప్పించి మురిసిపోయేవాడు. అలా మార్కులు కొట్టుకుంటూ సివిల్ ఇంజనీరింగ్‌లో చేరింది. వంతెనలు కట్టాలని ఆమె కోరిక.

వంతెనల క్లాసులో కూర్చోవాలంటే ముందు దూలాల క్లాసులో బి తెచ్చుకోవాలి. దాని పేరెత్తితే సీనియర్లకే చెమటలు పట్టేవి. మన టేప్‌రికార్డర్ మాత్రం ఏం బెదరలేదు. మాస్టారు బోర్డు మీద చేసిన లెక్కలన్నీ మేడ మీద అటూ ఇటూ తిరుగుతూ అంకెలతో సహా బట్టీ పట్టేసింది.

పరీక్షలో దూలం బొమ్మ వచ్చింది. అదే పొడవు, అదే బరువు. ప్రాణం లేచొచ్చింది. తలెత్తకుండా రాసేసి అందరికంటే ముందు బయటపడింది. తీరా పేపరు చేతికొచ్చాక చూస్తే డి! కింద మాస్టారు ఎర్రసిరాతో రాశారు: "సమాధానం చాలా బాగుంది. ప్రశ్న ఇది కాదు."

బోర్డు మీది దూలానికి రెండు చివర్లా గోడలున్నాయి. పరీక్షలోది ఒకే గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీ. రెండు గోడల మీద ఆనిన దూలం మధ్యలో కిందికి వంగి అడుగుభాగం సాగుతుంది కాబట్టి ఇనుప చువ్వలు అడుగున వెయ్యాలి. బాల్కనీకైతే సాగేది పైభాగం, కాబట్టి పైన వెయ్యాలి. ఈమె చక్కగా అడుగున వేసి, జవాబు కింద రెండు గీతలు కూడా గీసింది.

"నాకు ఫార్ములాలన్నీ వచ్చు సార్!" అంది మాస్టారి గది గుమ్మంలోనే.

"వచ్చు. కానీ నీ బాల్కనీలో నిలబడి నేను కాఫీ తాగలేనమ్మా," అన్నారాయన. "ఎందుకీ తిప్పలు? డి అంటే పాసే. వంతెనల జోలికి పోకుండా తేలికైన సబ్జెక్టేదన్నా తీసుకో."

ఒళ్ళు మండిపోయింది. బాల్కనీ మాట నిజమే, ఒప్పుకుంది. కానీ తనకేది తేలికో, ఏది బరువో తేల్చడానికి ఈయనెవరు? నేరుగా ఆఫీసుకెళ్ళి ఆ పాసు రద్దు చేయించుకుంది. అలా చేస్తే క్లాసులో మళ్ళీ మొదటినుంచి కూర్చోవచ్చు. తప్పితే మాత్రం ఉన్న పాసు కూడా ఉండదు.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు నాన్న. "పాసయ్యాక మళ్ళీ చదివేవాళ్ళుంటారా ఎక్కడైనా?"

"ఉన్నారు నాన్నా. మనింట్లోనే."

ఈసారి బట్టీ మానేసింది. లెక్క ముట్టుకునే ముందు దూలం ఎటు వంగుతుందో ఊహించి బొమ్మ గీసేది, తర్వాత చేసి చూసుకునేది. మొదట్లో పదింట ఎనిమిది తప్పే. అర్థం కాకపోతే క్లాసులోనే లేచి అడిగేది. జూనియర్లు నవ్వేవాళ్ళు, డౌట్లక్క అని పేరు కూడా పెట్టారు. నవ్వితే నవ్వనీ అనుకుంది. ఇంట్లో రెండు స్టూళ్ళ మీద చెక్క వేసి, బ్యూటీ పార్లర్ నుంచి అలిసిపోయి వచ్చిన అక్కను, చెక్క ఎటు వంగుతుందో చూడ్డానికి, స్టూలు దాటిన చివర్న కూర్చోమనేది.

"నీ గ్రేడు కోసం నా నడుం విరగ్గొడతావటే?" అంటూనే అక్క కూర్చునేది.

రిజల్టు వచ్చింది. సి.

కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చింది. దాచడమెందుకు, బాగానే ఏడ్చింది. మొహం కడుక్కుని మాస్టారి గదికెళ్ళింది.

"నేను ముందే చెప్పాను కదమ్మా..." అని మొదలెట్టారాయన.

"ఇవాళ మీరు చెప్పకండి సార్, నేను చెప్తాను." సుద్దముక్క తీసుకుని బోర్డు మీద బొమ్మ గీసింది. "మూడు స్తంభాల మీద దూలం. వంపు సరిగ్గానే గీశాను. నడిమి స్తంభం దగ్గర చువ్వలు పైనే వేశాను. ఇదిగో, ఇక్కడ తీసెయ్యాల్సిన అంకెను తొందరలో కలిపేశాను. ఇక అక్కణ్ణుంచి అంకెలన్నీ తప్పే."

మాస్టారు పేపరు తీసి, ఆ వరస వెతికి పట్టుకుని తలూపారు. "నిజమే. అయినా బి ఇవ్వలేను."

"ఇమ్మనడానికి రాలేదు సార్. మూడోసారి కూర్చోవడానికి మీ సంతకం కావాలి."

"ఇదే ఆఖరిసారి, తెలుసుగా? ఇప్పుడూ రాకపోతే?"

"ఎందుకు రాలేదో అప్పుడు కూడా నేనే వచ్చి చెప్తాను. ముందు సంతకం పెట్టండి."

ఆయన కలం తీసి సంతకం పెట్టారు.