పేల బీరువాల సారు

మొన్న మంగళవారం పొద్దున మా సారు పాలమూరులో కన్నుమూశారు. పాత విద్యార్థుల ఫోన్ గ్రూపులో మొదట వచ్చిన కబురు "పేల సారు పోయిండంట" అని. దాని కింద ఒకడు నవ్వే బొమ్మ పెట్టి, వెంటనే తీసేశాడు. నాకు కోపం రాలేదు. సారుకు నేను చేసిన దాని ముందు ఆ బొమ్మ ఎంత?

మేం పనిచేసిన విశ్వవిద్యాలయం పేరు రాయను. అక్కడి జంతుశాస్త్ర విభాగంలో మూడు బీరువాల నిండా సారు సేకరించిన పేలు ఉండేవి. మేకవి, బర్రెవి, కోడివి, మనిషివి. ఒక్కో గాజు స్లైడు మీద ఒక్కో పేను, పక్కన చీటీ. నంబరు ఎంత, ఏ జీవిది, ఏ ఊరిది అని ఆ చీటీ మీద సారు సొంత దస్తూరి. పేల కోసం సారు వెంట ఊళ్లు తిరిగేటప్పుడు, కేతేపల్లిలో ఒక అవ్వ మనవరాలి తల చూడనివ్వలేదు.

"మా పిల్ల తలల పేలున్నయని ఊరంత చాటుతవా సారూ?"

"పిల్ల పేరు రాయనవ్వా, ఊరి పేరు రాస్త. మీ ఊరి పేను మీ ఊరిదే గద!"

అవ్వ నవ్వి తనే దువ్వెన తెచ్చింది.

సారు నోరు మాత్రం మంచిది కాదు. నా పరిశోధన మొదటి అధ్యాయం చదివి, అందరి ముందు "పేను నయం, రక్తమన్న తాగుతది. నువ్వు ఉత్త కాయితం తింటున్నవ్" అన్నారు. ఆ మాటలు పడుతూనే పని నేర్చుకున్నాను. ఉద్యోగమూ ఆయన చలవే.

సారు రిటైరయ్యాక బీరువాలు నా చేతికొచ్చాయి. తనిఖీ బృందం వస్తోందన్నారు. పచ్చబడ్డ చీటీలు చూసి సిగ్గేసింది. కొత్తవి అచ్చు వేయించి అంటిద్దామని, పాతవి ఊడేందుకు స్లైడ్లన్నీ నీళ్ల టబ్బుల్లో వేయించాను. రిజిస్టరు ఉంది కదా అన్న ధీమా. రిజిస్టరులో నంబర్ల వారీగా ఊళ్లు ఉన్నాయి, కానీ ఏ నంబరు ఏ స్లైడుదో చెప్పేది ఆ చీటీయే. సాయంత్రానికి పేలన్నీ భద్రంగా ఉన్నాయి. సిరా నీళ్లలో కలిసింది. తనిఖీ బృందం మా శుభ్రతను మెచ్చుకుని పోయింది.

సారుకు నేనే చెప్పాను. తిడతారని తల వంచుకు నిలబడ్డాను.

"మీరు చాయ్ తాగిన్రా?" అన్నారు.

అన్నేళ్లు నువ్వు అన్న మనిషి, ఆ రోజు నుంచి నన్ను మీరు అనే పిలిచారు. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

మర్నాటి నుంచి రోజూ బస్సెక్కి వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చునేవారు. ఆకారం చూసి ఏ జీవి పేనో పోల్చుకోగలిగారు. ఊరు పోల్చుకునే దారి లేదు.

"అందాజుగా ఏదో ఊరు రాయండి సార్, ఎవరు చూస్తారు?" అన్నాను ఒకసారి.

"అబద్ధం మీరు చెప్పుండ్రి. పేనుతోని చెప్పియ్యకుండ్రి."

మంచాన పడేదాకా చీటీలు రాస్తూనే ఉన్నారు.

అంత్యక్రియలయ్యాక విభాగానికి పోయి బీరువా తెరిచాను. సారు కొత్తగా రాసిన చీటీల మీద అక్షరాలు వంకర పోయాయి. అయినా ఒక్క చీటీ మీద కూడా ఊహించి రాయలేదు. మేక పేను, ఊరు తెలియదు. బర్రె పేను, ఊరు తెలియదు. మనిషి పేను, ఊరు తెలియదు. ఇంకో సొరుగు లాగాను. అందులోనూ అదే దస్తూరి.