సంఘమంతా ఆమెన్ అన్న రోజు

మొన్న ఆదివారం సిద్దిపేటలో, చర్చికి బయలుదేరే ముందు మా అబ్బాయి బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. ఆ వాసనకు దుబ్బాకలోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. బాపు సైన్యం నుంచి సెలవు మీద వస్తే ఇల్లంతా అదే వాసన. నాకు ఎనిమిదేళ్లప్పుడు సరిహద్దు యుద్ధంలో బాపును కాల్చి చంపారు.

ఆ తర్వాత మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. ఒక్కొక్కరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్లు కళ్లు మూసుకుని ఆమెన్ అనడం మా అలవాటు. పిల్లలు అడిగితే దేవుడు కాదనడని సండే స్కూల్లో విన్నాను. నా వంతు రాగానే గట్టిగా అడిగాను.

"ప్రభువా, మా బాపును సంపినోని బిడ్డకు గూడ బాపు లేకుండ చెయ్యి."

అందరూ ఏడుస్తూ "ఆమెన్" అన్నారు. దేవుడు ఒప్పుకున్నాడనుకున్నాను.

అమ్మ ఒక్కతే అనలేదు. అందరూ వెళ్లాక నన్ను దగ్గరకు లాక్కుంది.

"ఏందే గా ప్రార్థన? వాని బిడ్డ నీకేం జేసింది?"

"ఏం జెయ్యలే. నా లెక్కనే ఏడ్వాలె."

"గామె ఏడిస్తే నీ బాపు వస్తడా?"

"రాడు. అయినా ఏడ్వాలె."

ఆ పంతంతోనే పెరిగాను. ఆటలో తోసినవాళ్లు తప్పయిందని బతిమాలినా మళ్లీ మాట్లాడేదాన్ని కాదు. ఇప్పుడు సంఘంలో క్షమాపణ గురించి నేనే వాక్యం చెబుతాను. అయినా బాపును కాల్చినవాడు బతికి ఉండకూడదనే కోరిక నాలో చావలేదు. వాడి బిడ్డ మాత్రం తండ్రి పోయి నాలా పగతో మిగలకూడదు. ఈ రెండింటినీ ఒకే ప్రార్థనలో దేవుణ్ణి ఎలా అడగాలో తెలియక, సగంలోనే ఆమెన్ అని మోకాళ్ల మీంచి లేస్తాను.