తొమ్మిదో రేక

“మా బావమరిదిని ఇక పనిలోకి రావద్దన్నానండీ” అని ఆయన చెప్పినప్పుడు నా చేతిలో టీ గ్లాసు ఉంది. వాళ్ళ ఇంటి నగల అచ్చు బయటికి ఎలా వెళ్ళిందో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, “అయ్యో” అన్నాను.

ఆయన బందరు చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేస్తాడు. నేను చాలా ఏళ్ళు దినపత్రికలో విలేకరిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆయన దగ్గరికి నేను వెళ్ళింది నగల కోసం కాదు, డాళ్ళ కోసం.

నాకూ, గుడివాడలో ఉండే ఒక లెక్కల మాస్టారికీ ఒక ఆట అలవాటైంది. బొటనవేలంత సైనికుల బొమ్మలకు రంగులు వేసుకుని, భోజనాల బల్ల మీద బారులు తీర్చి, టేపుతో దూరం కొలుస్తూ, పాచికలు వేస్తూ యుద్ధం చేస్తాం. ఈ ఆటలో బొమ్మలకంటే వాటి చుట్టూ కావలసిన సరంజామాయే ఎక్కువ. దొరకనివి మేమే తయారుచేసుకుంటాం. రంగు వేసేటప్పుడు బొమ్మను దగ్గుమందు సీసా మూతకు అంటించి పట్టుకుంటే పట్టు కుదురుతుంది. హంసలదీవి ఇసుక జల్లించి జిగురు మీద చల్లితే బొమ్మ కాళ్ళ కింద నేల అవుతుంది. కొబ్బరి పీచు సన్నగా కత్తిరిస్తే ఎండుగడ్డి. ఇలాంటి చిట్కాలన్నీ రాసి, ఫోటోలతో సహా ఈ ఆట ఆడేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో పెట్టేవాణ్ణి. ఉద్యోగం అయిపోయాక నేను రాసింది పదిమంది చదివేది అక్కడే. ఆ పదిమంది మెప్పు కోసం నేనెంత ఎదురుచూసేవాణ్ణో అప్పట్లో ఒప్పుకునేవాణ్ణి కాదు.

డాళ్ళు మాత్రం కుదరలేదు. అట్టతో చేస్తే వంగిపోయేవి. ఎవరో చెప్తే చిలకలపూడి వెళ్ళాను.

ఆయన బొమ్మను చేతిలో తిప్పి చూశాడు. “యుద్ధం ఎవరితోనండీ?”

“గుడివాడ మాస్టారితో.”

“గెలిచారా?”

“ఇంకా లేదు.”

“డాలు లేకపోతే ఎలా గెలుస్తారండీ” అని నవ్వి, లోపలి నుంచి ఒక ఉక్కు దిమ్మ తెచ్చాడు. దాని మీద చెవిదిద్దు పువ్వు లోతుగా చెక్కి ఉంది. వాళ్ళ నాన్న చెక్కిన అచ్చు అది. పలచని రాగి తగడు దాని మీద పెట్టి కొడితే పువ్వు లేస్తుంది. ఆ పువ్వు సరిగ్గా నా సైనికుడి డాలంత ఉంది. తొమ్మిదో రేక కాస్త పొట్టి. “మా నాన్న చెయ్యి జారిందండీ. మా దిద్దులకి అదే గుర్తు” అన్నాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బయటివాళ్ళు గడపలోకి వస్తే అచ్చును బోర్లించేస్తారు. కొట్టిన పువ్వును ఎవరైనా చూడొచ్చు, అచ్చు ముఖం మాత్రం ఇంట్లోవాళ్ళకే. నాకు వెల్లకిలా పెట్టి చూపించాడు. ఫోటో తీసుకుంటానన్నాను.

“మీ కోసమేగా అండీ?”

“నా కోసమే” అన్నాను.

వారం తిరక్కుండానే గ్రూపులో పెట్టాను. ఫోటో బాగా వచ్చింది. పొట్టి రేక గురించి కూడా ముచ్చటగా రాశాను. కింద ఒకరు, “మాదీ బందరేనండీ. వెడల్పెంత, ఎంత లోతు చెక్కారు?” అని అడిగారు. రెండోసారి డాళ్ళకు వెళ్ళినప్పుడు అచ్చును టేపుతో కొలిచి జవాబిచ్చాను. ఆయన పక్కనే కూర్చుని ఉన్నాడు, నేను డాలు కొలత చూసుకుంటున్నాననుకున్నాడు.

ఆ తర్వాత రెండు వీధుల అవతల ఇంకొకరు అవే దిద్దులు కొట్టడం మొదలుపెట్టారు. పొట్టి రేకతో సహా.

“ఇంట్లోవాళ్ళు తప్ప ఎవరిస్తారండీ?” అన్నాడాయన, బావమరిదిని రావద్దన్నానని చెప్పిన ఆ రోజు. “అచ్చు చూసింది నేను, మా బావమరిది. ఇంకెవరున్నారు?”

మూడోవాణ్ణి ఎదురుగా కూర్చునే ఉన్నాను. ఆయన లెక్కలో నేను రాలేదు. నాకు టీ ఇచ్చిన ఆయన భార్య గోడ వారగా నిలబడి ఉంది. ఆ బావమరిది ఆమె తమ్ముడు.

గుడివాడ మాస్టారికి అంతా చెప్పాను. ఆయన పాచికలు పక్కన పెట్టి, “ఇన్నాళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులు పేపర్లో రాశారు కదండీ. దీన్ని ఏ పేజీలో వేస్తారు?” అన్నాడు. ఆ రోజు ఇక ఆడలేదు.

ఫోటో తీసేశాను. అప్పటికే ఎవరో దాన్ని చూసి కంప్యూటర్లో నమూనా చేసి అందరికీ పంచారు. బావమరిది ఇప్పుడు ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల మీద పనికి వెళ్తున్నాడు. అక్క ఇంటికి రావడం లేదు. ఆయనకు నేనింకా నిజం చెప్పలేదు. మొన్న వెళ్ళినప్పుడు కూడా, నన్ను చూసి ఆయన అచ్చు బోర్లించలేదు.