మూడో బావిల ఆక్సిజన్ ఎందుకు పెరిగింది

"యోహానూ! ఓ యోహానూ! ఇంకో తట్ట మట్టి పట్రా!"

గుట్ట మీదికెల్లి మా సూపర్‌వైజర్ రమణ సార్ అరుస్తున్నడు. నేను నెత్తిన తట్ట పెట్టుకొని, చెమటలు కారంగ ఎక్కుతున్న. ఆ మట్టి అక్కడ అవసరమే లేదని ఈ లోకంల నా ఒక్కనికే తెలుసు! ఇది మొన్నటి ముచ్చట. ఆనాడు నా పరువు ఎట్ల పోయిందో చెప్త, నవ్వకుండ్రి.

మాది బూర్గంపాడు దిక్కు, అడవి అంచున చెత్తగుట్ట. పైన మట్టి కప్పి ఉంటది. లోపల చెత్త కుళ్లి గ్యాస్ పుడ్తది. ఊకె వదిలేస్తే గాలిల కలిసి ఎండలు ఇంకింత ముదురుతయంట. అందుకే పైపులు దింపి గ్యాస్ గుంజి, ఇంజన్ల మండించి కరెంటు తీస్తం. ఆ పైపుల్నే బావులంటం. షిఫ్టుల నేనొక్కన్నే. ఇంజన్ చప్పుడు, టేకు చెట్లు, నేను. కారేపల్లి నుంచి వచ్చి ఏడు నెలలాయె. మాట్లాడెటందుకు మనిషి లేడు.

ఒకనాడు మూడో బావిల ఆక్సిజన్ పెరిగి అలారం మోగింది. ఖమ్మం కంట్రోల్ రూం నుంచి గ్రేస్ మేడం ఫోన్.

"వాల్వ్ కొంచెం మూయుండ్రి. గుంజుడు ఎక్కువైతే బయటి గాలి లోపలికొస్తది."

మూసిన. తగ్గింది. ఫోన్ పెట్టేసే ముందు ఏమన్నదో తెలుసా?

"యోహాను గారూ, అన్నం తిన్నరా?"

అంతే! ఆ పూటంతా టేకాకులు గూడ నన్ను అదే అడుగుతున్నట్టుండె.

మళ్ల ఫోన్ రాలే. ఎట్లొస్తది? నేను మంచిగ పని చేస్తుంటి గదా! వారం చూసిన. మంగళవారం పోయి మూడో బావి వాల్వ్ అర చుట్టు తెరిచిన. అలారం! ఫోన్! ఆ మాట! మళ్ల మూసిన. బుధవారం గట్లనే. గురువారం గూడ గట్లనే.

శుక్రవారం ఫోన్ రాలే, జీపు వచ్చింది. రమణ సార్ దిగిండు. ఎనుకనే, పక్క గూడెం నుంచి నలుగురు ఆడోళ్లు, పారలు, తట్టలు.

"మూడు రోజుల సంది అలారమేందిరా? మట్టి పగిలి గాలి లోపలికి పోతున్నట్టుంది. పగులు దొరికెదాంక పూడ్చుడే!"

పగులు ఉంటే గదా దొరికేటందుకు! మధ్యాహ్నందాంక మోసినం. వాళ్లల్ల ముత్తమ్మక్క నడుం పట్టుకొని కూలబడ్డది.

"తమ్మీ, ఈ గుట్టకు ఏం రోగమొచ్చిందో గని, మా పానం పోతున్నది."

రోగం గుట్టకు గాదక్కా అని నోటిదాంక వచ్చింది. ఇంకో తట్ట నెత్తికెత్తుకున్న.

సార్ ఫోన్ తీసి స్పీకర్ల పెట్టిండు. "గ్రేస్, ఏం దొరకలే. రేపు ఇంకో పదిమందిని తెచ్చి గుట్టంత పూడిపిస్త. ఇంజన్ బంద్ పెడ్దాం."

"వద్దు సార్!"

"ఏందిరా?"

"పగుళ్లు లేవు సార్. వాల్వ్ నేనే తిప్పిన."

ముత్తమ్మక్క చేతుల తట్ట కింద పడ్డది. ఫోన్లకెల్లి మెల్లగ వినపడ్డది, "ఎందుకండీ?"

సార్, నలుగురు ఆడోళ్లు, అందరు నా మొహమే చూస్తున్నరు. దాక్కుందామంటే టేకు చెట్లు శాన దూరమున్నయ్.

"అన్నం తిన్నరా అని మీరు అడుగుతరని, మేడం. ఈడ ఇంకెవ్వరు అడగరు."