మెరక కింద గూన పెంకులు

మా డివిజన్‌లోని సమాధుల తోట విషయమై జరిగిన అన్యాయాలను, జరిగిన వరుసలోనే, ముందుగా ఇక్కడ పొందుపరుస్తున్నాను.

గత సంవత్సరం జూలై: మొదటి పెద్ద వానకే మురుగుకాలువ వెనక్కు తన్ని, తోటలో మోకాలి లోతు నీరు నిలిచింది. కాలువలో పూడిక తీయించవలసిందిగా నగరపాలక సంస్థకు అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు, జవాబు ఇవ్వలేదు.

ఆగస్టు: రెండవ అర్జీ. జవాబు లేదు.

సెప్టెంబరు: మూడవ అర్జీ. చర్య తీసుకుంటున్నామని ఫోనులో చెప్పారు. ఏ చర్యో చెప్పలేదు.

అక్టోబరు చివరి వారం: ఏ కుటుంబానికీ తెలియజేయకుండా, ఏ సమాధి ఎవరిదో గుర్తు పెట్టకుండా, లారీలతో చెరువు మట్టి తోలించి తోటంతా మెరక చేశారు. నా అర్జీలలో ఎక్కడా నేను మట్టి అడగలేదు.

నవంబరు రెండవ తేదీ, సమాధుల పండుగ: నా భార్య సమాధి నాకు కనబడలేదు.

ఈ సంవత్సరం ఫిబ్రవరి: ఆ మెరకలో కొత్త గొయ్యి తవ్వుతుండగా పాత సమాధి ఒకటి బయటపడింది. అది ఎవరిదో ఎవరూ చెప్పలేకపోయారు.

ఇక వివరాలలోకి వస్తాను.

నేను తాడేపల్లిగూడెంలో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. ఏలూరు నుండి ప్యాసింజరు బండిలో వెళ్లి, అదే బండిలో తిరిగి వచ్చేవాడిని. నా భార్య ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సు. మేము వట్లూరు వైపు ఇల్లు కట్టుకున్ననాటికి మా వీధి చివర వరి చేలుండేవి. వాటికి అవతల పల్లంలో సమాధుల తోట. దాన్ని శ్మశానమని మావాళ్లెవరూ అనరు. నందివర్ధనాలూ, బంతిమొక్కలూ ఉండేవి కనుక తోట అనే పేరు దానికి తగినదే.

నా భార్య కొల్లేటి అంచున ఒక గ్రామంలో పుట్టింది. అమ్మగారి పెంకుటిల్లు పడగొట్టిననాడు ఆ గూన పెంకులను కొన్ని ఆటోలో వేయించుకుని వచ్చింది. చేతితో వంపుగా చేసి కాల్చిన పెంకులవి. కుమ్మరి వేళ్ల జాడలు వాటిమీద ఇంకా తెలిసేవి. వాటిని ఇంటి ముందు పూలమళ్లకు హద్దుగా పాతింది. చివరి రోజుల్లో నా చేయి పట్టుకుని, "నామీద సిమెంటు పోయించకండి. బరువు. ఎండకు వేడెక్కిపోద్ది కూడానూ. మట్టే ఉంచండి," అన్నది. ఆసుపత్రిలో ఇతరుల మరణాలను చూసి చూసి, తన మరణాన్ని గురించి కూడా పడక సర్దుతున్నట్టే మాట్లాడగలిగిన మనిషి.

ఆమె చెప్పినట్టే చేశాను. మట్టి దిబ్బ, తలవైపు కర్ర సిలువ, చుట్టూ ఆమె పూలమళ్ల నుండి తీసిన గూన పెంకులు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడికి వెళ్లి, వాలిన పెంకును నిలబెట్టి, కలుపు తీసి వచ్చేవాడిని. అన్నీ రాసిపెట్టుకునే అలవాటున్నవాడినైనా, ఆ చోటును గోడ నుండి కొలిచి రాసుకోలేదు. తన ఇంట్లో వంటగది ఎక్కడుందో ఎవరూ కొలిచి రాసుకోరు.

ఇప్పుడు మా కార్పొరేటరమ్మ గురించి. ఆమెకు చేయవలసిన న్యాయం కూడా చేయాలి. ఎన్నికకు ముందు ఆమె జాకెట్లు కుట్టేది. గెలిచిన తరువాత కూడా ఎవరైనా తలుపు తడితే మెడలో కొలత టేపుతోనే బయటకు వచ్చేది. వీధి కుళాయి ఆగినా, దీపం ఆరినా, కుక్కలు పెరిగినా, ఉదయమే చెప్పులు వేసుకుని స్వయంగా వచ్చి చూసేది. డివిజన్‌లో ఎవరు పోయినా, వారు ఏ మతం వారైనా, పెట్టె వెంటనో పాడె వెంటనో నడిచేది. ఆమెతో నా తగాదా ఒక్కటే: ఆమె దగ్గర మాట ఉంటుంది, కాగితం ఉండదు. "నేను చెప్పానుగా అండీ, ఇంక రాయడమెందుకూ?" అంటుంది.

మూడవ అర్జీ తరువాత ఆమె నన్ను వెంటబెట్టుకుని మురుగుకాలువ వెంట నడిచింది. కాలనీ దాటి, జాతీయ రహదారి కింది తూము దాటి, చాలా దూరం వెళ్లాము. ఒకచోట కాలువ చేపల చెరువు గట్టుకు తగిలి ఆగిపోయింది. ఒకప్పుడు ఆ నీరు దిగువకు, కొల్లేటికి పోయేది. గట్టు వేసినవారు దానికి ఒక సన్నని గొట్టం మాత్రం విడిచిపెట్టారు. అది కూడా గుర్రపుడెక్క మొక్కలతో మూసుకుపోయింది.

ఆమె గట్టెక్కి అటూ ఇటూ చూసింది. "ఇక్కడిదాకేనండీ మాస్టారూ నా మాట. అవతల కార్పొరేషన్ కాదు. ఈ చెరువు ఎవరిదో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

"అందుకే కాగితం మీద అడుగుదామంటున్నానమ్మా."

"కాగితం గట్టును కొడతదా అండీ?" అని నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు, అలసట ఉంది.

మా పల్లపు నేలలో ప్రతి కష్టానికీ ఒకటే మందు: మెరక. ఇంట్లోకి నీళ్లు వస్తే ఇంటిని మెరక చేస్తారు. అప్పుడు వీధి మునుగుతుంది కనుక వీధిని మెరక చేస్తారు. అప్పుడు మళ్లీ ఇళ్లు మునుగుతాయి. మా వీధిలో పాత ఇళ్లకు గడపలోకి మెట్లు దిగి వెళ్లాలి. నీటికి దారి చూపడం ఎవరి చేతిలోనూ లేదు. మట్టి తోలించడం మాత్రం అందరి చేతిలోనూ ఉంది. గట్టు దగ్గర నుండి తిరిగి వచ్చేటప్పుడు ఆమె మెరక చేసిన ఇళ్లనే చూస్తూ నడిచింది. ఆ చూపు ఎటు దారితీస్తున్నదో నేను ఊహించలేకపోయాను. జీవించి ఉన్నవారి ఇళ్లకు చేసే వైద్యాన్ని సమాధులకు చేస్తారని ఎవరు ఊహిస్తారు?

పండుగనాటికి మావాళ్లకు ఒక పద్ధతి ఉన్నది. ఉదయం సున్నం బకెట్లతో వెళ్లి సమాధులకు వెల్ల వేస్తాము. సాయంత్రం బంతిపూలు, కొవ్వొత్తులు, అగరొత్తులు తీసుకుని వెళ్తాము. పండుగకు ముందు వారమంతా నేను జ్వరంతో ఇల్లు కదలలేదు. లారీల చప్పుడు విన్నాను గాని, రోడ్డు పని అనుకున్నాను. ఉదయం వెల్ల వేయడానికి కూడా వెళ్లలేక, సాయంత్రం మాత్రం పూలతో బయలుదేరాను.

గేటు దగ్గరే చేపల వాసన వచ్చింది. లోపల నేలంతా చదునుగా, నల్లగా, కొత్తగా ఉన్నది. సిమెంటు సమాధులు సగానికి పైగా పూడిపోయి, వాటి సిలువలు మాత్రం భుజాల వరకు పైకి కనబడుతున్నాయి. మట్టి దిబ్బలు ఉన్న వైపు, లారీలు కర్ర సిలువలను కూడా తొక్కేయగా, ఏమీ లేదు. ఏమీ లేదంటే ఏమీ లేదు. ఆ నల్లమట్టిలో చిన్న చిన్న నత్తగుల్లలు తెల్లగా మెరుస్తున్నాయి. దూరంగా రెండు కొంగలు, అది చేనే అనుకుని కాబోలు, పురుగులు ఏరుకుంటున్నాయి.

వెల్ల బకెట్లు పట్టుకుని ఉదయం వచ్చినవారు కూడా ఇంకా వెళ్లలేదు. ఇద్దరు స్త్రీలు ఒకే జాగాలో కొవ్వొత్తి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఇది మా ఆయన చోటండీ. గోడకు సూటిగా వేపమొక్క ఉండేది."

"మీ ఆయన అటండీ! ఇది మా అమ్మ. వేపమొక్క మా అమ్మ కాళ్ల దగ్గరది."

వేపమొక్క లేదు. చివరకు ఇద్దరూ అక్కడే, పక్కపక్కన, రెండు కొవ్వొత్తులు వెలిగించారు.

అప్పుడే కార్పొరేటరమ్మ వచ్చింది. కొత్త చీర కట్టుకున్నది. చేతిలో ఆమె కూడా ఒక కొవ్వొత్తుల కట్ట తెచ్చింది. "కాలు తడవకుండా వచ్చారుగా మాస్టారూ! పండుగలోపు అవ్వాలని రాత్రీ పగలూ తోలించానండీ," అన్నది. మెచ్చుకోలు కోసం నా ముఖంలోకి చూసింది. తరువాత నా చేతిలోని పూలను చూసింది. తరువాత నేల వైపు చూసింది. చేతిలోని కొవ్వొత్తుల కట్టను కిందికి దించింది.

"దిబ్బలున్న వైపు వదిలెయ్యమన్నానండీ. చెప్పానండీ వాళ్లకి," అన్నది, చాలా నెమ్మదిగా.

చెప్పింది. రాసి ఇవ్వలేదు.

మట్టి ఎక్కడిదని తరువాత విచారించాను. ఆకివీడు దారిలో కొత్త చెరువు తవ్వుతున్న చోటి నుండి వచ్చిందని తెలిసింది. నా భార్య పుట్టిన ఊరు ఆ దాపులనే. సిమెంటు బరువని భయపడిన మనిషి మీదకు, ఆమె చిన్ననాడు తిరిగిన కొల్లేటి అడుగే లేచి వచ్చి పడుకున్నది. చలికాలం ముగిసేసరికి ఆ మట్టితో వచ్చిన విత్తనాలు మొలిచి, తోటలో తుంగ లేచింది. ఎవరూ నాటని కొల్లేరు, ఏలూరు సమాధుల మీద పెరుగుతున్నది. ఒక కొంగ ఎప్పుడూ ఒకే చోట నిలబడుతున్నట్టు నాకు అనిపించేది. నేను అటువంటివి నమ్మేవాడిని కాను. అయినా దాన్ని లేపకుండా, దూరంగా నిలబడి చూసేవాడిని.

అంతకంటే పెద్ద భయం వేరే ఉన్నది. తోట ఆగదు. మనుషులు పోతూనే ఉంటారు, గోతులు తవ్వుతూనే ఉంటారు. ఏ గొయ్యి ఆమె మీద పడుతుందో తెలియదు. అందువల్ల చర్చి గంట మరణానికి మోగినప్పుడల్లా, పోయినవారు నాకు పరిచయస్థులైనా కాకపోయినా, వెళ్లి గొయ్యి పక్కన నిలబడటం మొదలుపెట్టాను. టీ కొట్టు దగ్గర మాటలు నా చెవిన పడుతూనే ఉన్నాయి. "మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే మాస్టారికి చెప్పకండ్రోయ్, ముందే వెళ్లి గొయ్యి దగ్గర నిలబడతారు," అన్నాడొకడు. మిగిలినవారు నవ్వారు. నేను టీ తాగి వచ్చాను.

గోతులు తవ్వే ఆయనకు కూడా నాతో ఇబ్బందిగానే ఉండేది. "ఏవండీ మాస్టారూ, మీరలా తొంగి చూస్తంటే నాకు చెయ్యాడదండీ."

"పెంకు తగిలితే ఆపెయ్యాలి."

"ఆపుతానండీ. పెట్టెలో ఉన్నాయనకి తొందరేముంది? ఆయన ఆగుతాడు. పాస్టరు గారే ఆగరు."

ఫిబ్రవరిలో ఒక ముసలమ్మ పోయింది. కొడుకు ఆటో నడుపుతాడు. పెట్టెను తెచ్చి తుంగ పక్కన దించారు. కార్పొరేటరమ్మ కూడా వచ్చింది. పాట నడుస్తుండగా, గొయ్యి ఇంకా నడుము లోతు కాకముందే, గునపం ఖంగుమన్నది.

తవ్వుతున్న ఆయన ఆపి నా వైపు చూశాడు. పాట కూడా ఆగిపోయింది.

కార్పొరేటరమ్మ కొంగు బిగించి, చెప్పులు విడిచి, గోతిలోకి దిగింది. మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే మట్టి తీసింది. ఒక పెంకును ఊడదీసి, చీర చెంగుతో తుడిచి, పైకి ఎత్తి చూపింది. "మాస్టారూ, ఇదేనా అండీ?"

అది బల్లపరుపుగా, గాడులతో ఉన్న బంగాళా పెంకు. మాది గూన పెంకు.

"కాదమ్మా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు కలిగిన ఉపశమనానికి ఈనాటికీ సిగ్గుపడుతున్నాను.

"మరి ఇది ఎవరిదండీ?" అని ఆమె చుట్టూ ఉన్న అందరినీ అడిగింది. పెంకు ఆమె చేతిలోనే ఉన్నది. నావి తప్ప వేరే పెంకుల హద్దు ఆ తోటలో ఉంటుందని అప్పటివరకు నాకు కూడా తోచలేదు. ఎవరో ఒకరు, నావలెనే, ఒక ఇంటి పైకప్పును తెచ్చి ఇక్కడ పాతి వెళ్లారు. వారు ఊళ్లో ఉన్నారో లేదో.

"మా అమ్మనెక్కడ పెట్టమంటారో చెప్పండి," అన్నాడు ఆటో నడిపే అతను. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

ఆ గొయ్యిని పూడ్చి, సున్నంతో గుర్తు పెట్టి, గోడ వారగా మరొకటి తవ్వారు. అందరూ వెళ్లిన తరువాత కుళాయి దగ్గర ఆమె చేతులు కడుక్కుంటూ, "నేను మంచికే చేశానండీ మాస్టారూ," అన్నది.

"తెలుసమ్మా. ఏ సమాధి ఎక్కడుందో రాసి ఇవ్వండి."

"నాకు తెలీదు కదండీ."

"అదే రాసి ఇవ్వండి."

ఆమె కుళాయి కట్టేసింది. "తెలీదని రాసి సంతకం పెడితే నా పనైపోద్దండీ. ఇంకెవరూ నా మాట వినరు." చేతులు చెంగుకు తుడుచుకుని, "మీకు కావలసిన చోటు మీకు ఇప్పిస్తానండీ. నా మాట," అన్నది.

నాకు కావలసిన చోటు ఒక్కటే ఉన్నది. అది ఎక్కడున్నదో ఆమె మాట చెప్పజాలదు.

కనుక నగరపాలక సంస్థ వారినీ, మా డివిజన్ కార్పొరేటరు గారినీ నేను కోరుతున్నది ఇది. గూన పెంకుల హద్దు గల నా భార్య సమాధి, మీరు తోలించిన మెరక కింద, ఏ గోడకు ఎంత దూరంలో ఉన్నదో రాతపూర్వకంగా తెలియజేయవలెను. ఫిబ్రవరిలో బయటపడిన బంగాళా పెంకుల సమాధి ఎవరిదో కూడా తెలియజేయవలెను. వారి తరఫున అడిగేవారు లేరు కనుక నేనే అడుగుతున్నాను. దిబ్బలు ఉన్న భాగంలో, ఆ గుర్తింపు జరిగేవరకు, గొయ్యి తవ్వనివ్వరాదు. ఈ విషయాలు మీకు తెలియకపోయినట్లయితే, తెలియదన్న ఆ ఒక్క మాటనే కాగితం మీద రాసి, సంతకం చేసి, నేను చదవగలిగి ఉన్న కాలంలోనే నా ఇంటికి పంపవలెను. నోటిమాటను జవాబుగా స్వీకరించను.