ఎస్తేరు చేయని తప్పు

పన్నెండేళ్లుగా ఒక కాగితాన్ని మోస్తున్నాను. కాగితం ఇప్పుడు లేదు, దాన్ని నేనే పారేశాను. అందులో రాసి ఉన్న నాలుగు మాటలు మాత్రం నాకు నోటికి వచ్చు. మా ఆయనకు చెప్పలేదు. తోటి టీచర్లకు అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. విన్న తరువాత దయచేసి నన్ను ఓదార్చవద్దు. ఓదార్పు కోసం అయితే ఎప్పుడో ఎవరో ఒకరికి చెప్పుకొని ఉండేదాన్ని.

నేను లెక్కల టీచర్ని. అప్పట్లో కమలాపురం దగ్గర ఒక పల్లె బడిలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు చెప్పేదాన్ని. ఆ ఏడు మమ్మల్ని కడపకు పిలిచి మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. పిల్లలు జవాబు ఒక్కటే రాస్తే చాలదు, ఎలా ఆలోచించారో కూడా రాయాలి అన్నారు. అందుకు ఒక్కొక్కరికి ఒక నోటుబుక్కు. దాని పేరు ఆలోచనల పుస్తకం. ప్రతి లెక్కకూ మూడు శీర్షికలు. నేను ఎలా ఆలోచించాను, నేను చేసిన తప్పు, ఇప్పుడు నాకు తెలిసింది.

నాకు నచ్చింది. అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే నచ్చింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కూర్చొని, నా చిన్నప్పుడు ఎవరైనా నన్ను ఇలా అడిగి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. ఆ ఉత్సాహం ఎన్నాళ్లు ఉంది? వారం. పిల్లలు నిజంగా ఆలోచించి నిజాలు రాసేవరకు ఉంది. ఒకడు 'నాకు ఏమీ తెలియలేదు' అని మూడు శీర్షికల కిందా అదే రాశాడు. ఇంకొక అమ్మాయి 'మేడమ్ గబగబా చెబుతుంది' అని రాసింది. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి, అక్షర దోషాలు దిద్ది ఇచ్చాను. అంతకంటే ఏం చేయాలో నాకు తోచలేదు. నాకు కోపం వచ్చింది, అంతే.

ఇంతలో పై అధికారి మా బడికి వస్తున్నాడని కబురు. పది రోజులే గడువు. ఆలోచనల పుస్తకాలు చూస్తాడట. నేను ఏం చేశానో వినండి. ఏడో తరగతి పిల్లల ఆలోచనలన్నీ నేనే ఆలోచించి, బోర్డు మీద రాసి, వాళ్ల చేత పుస్తకాల్లోకి ఎక్కించాను. తప్పులతో సహా. అందరూ ఒకే తప్పు చేస్తే అనుమానం వస్తుందని కిటికీ వైపు వరుసలకు ఒక తప్పు, తలుపు వైపు వరుసలకు ఒక తప్పు పంచాను. పొడుగూ వెడల్పూ రెండింతలైతే వైశాల్యం కూడా రెండింతలే అనుకున్నాము అని కిటికీ వైపు వాళ్లు. చుట్టుకొలతనే వైశాల్యం అనుకున్నాము అని తలుపు వైపు వాళ్లు. ముందు తప్పు జవాబు రాసి, దాని మీద అడ్డంగా ఒకే ఒక గీత కొట్టమన్నాను, అప్పుడే నిజంగా తప్పు చేసి దిద్దుకున్నట్టు కనబడుతుందని. నా తెలివి చూడండి. ఇప్పుడు తలుచుకుంటే రోత పుడుతుంది. అప్పుడు మాత్రం ఎంత ముచ్చట పడ్డానో.

పిల్లలు సంతోషంగా రాసుకున్నారు. ఎక్కించుకోవడం వాళ్లకు అలవాటే. ఎస్తేరు ఒక్కతే పెన్ను పెట్టలేదు.

పేరు మార్చి రాస్తున్నాను. కిటికీ వైపు మూడో బెంచీలో కూర్చునేది. వాళ్ల నాన్న నాపబండలు పరిచే పనికి పోయేవాడు. సెలవుల్లో ఈ పిల్ల ఆయన వెంట పోయి సిమెంటు అందించేది. ఆ రోజు తన పుస్తకంలో నేను బోర్డు మీద రాయకముందే ఒక పేజీ రాసుకుంది. చూసి, దాన్ని చించి నేను చెప్పింది రాయమన్నాను. లేచి నిలబడింది.

"నేను రెండింతలని అనుకోలేదు మేడమ్. చేయని తప్పు చేసినానని ఎట్ల రాయల్ల?"

ఎదురు తిరిగి అడగలేదు. నిజంగా తెలియక అడిగింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. అందరూ రాస్తాండారు గదా, నీ ఒక్కదానికే వచ్చిందా కష్టం? రాయి," అన్నాను.

పిల్లలు నవ్వారు. ఎస్తేరు స్కేలు ఆనించి పేజీని అంచు వెంబడి నీటుగా చించి, నా చేతికి ఇచ్చి, కూర్చొని రాసింది. తప్పు జవాబు రాసి దాని మీద ఒకే ఒక గీత కొట్టింది.

ఆ కాగితాన్ని మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా కింద పరుచుకున్నాను. చిత్రాన్నం తింటూ చదివాను. ఇలా ఉంది. 'బండ పొడుగు రెండింతలు, వెడల్పు రెండింతలు చేస్తే నాలుగు చిన్న బండలు పడతాయి. మా నాయన పరిచేటప్పుడు చూసినాను. చుట్టు మాత్రం రెండింతలే అయితాది. అది ఎందుకో తెలియలేదు. మందం గూడా రెండింతలు చేస్తే బరువు ఎనిమిదింతలు అయితాదేమో. అట్లయితే మా నాయన ఎత్తలేడు. ఇంటికి పోయి అడగల్ల.'

పన్నెండేళ్ల పిల్ల. ఎవరూ చెప్పకుండా, నాన్న వీపు మీది బండను చూసి అక్కడిదాకా పోయింది. డిగ్రీలో లెక్కలు చదివిన నేను మందం సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో లేచి పోయి ఎస్తేరును పిలిచి ఉండవచ్చు. నాకు కలిగింది సంతోషం కాదు, మంట. ఒక కూలీ పిల్ల నాకంటే ముందు పోయిందని. చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెబుతున్నాను, ఆ కాగితంతోనే నూనె చేతులు తుడుచుకుని పారేశాను.

అధికారి వచ్చాడు. మంచి మనిషి, పిల్లలను పేరు పెట్టి పిలిచాడు. పుస్తకాలు తిరగేస్తూ ఎస్తేరు పుస్తకం దగ్గర ఆగి, రెండింతలే అవుతుందని నీకు ఎందుకు అనిపించిందమ్మా అని అడిగాడు. పాపం, మనస్ఫూర్తిగానే అడిగాడు. ఎస్తేరు ఏమని చెబుతుంది? తనకు అలా ఎప్పుడూ అనిపించలేదు. నా వైపు చూసింది. మేడమ్ ఇప్పుడు చెబుతుంది అన్నట్టు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఊరకే నిలబడి ఉన్నా కొంత నయం. నోరు తెరిచాను.

"ఆ పాప కొంచెం వెనకబడిన పిల్ల సార్."

క్లాసు క్లాసంతా విన్నది. ఆయన తల ఊపి, ఇలాంటి పిల్లల మీద ఇంకొంచెం శ్రద్ధ పెట్టండి అని రాసుకున్నాడు. నా అబద్ధానికి సాక్ష్యం కావాలి కదా, మరుసటి రోజు నుంచే ఎస్తేరును వెనకబడిన పిల్లల సాయంత్రం క్లాసులో కూర్చోబెట్టాను. వచ్చి కూర్చునేది. ఎక్కాలు అప్పజెప్పేది. ఆ తరువాత నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. నేను బోర్డు మీద ఏం రాస్తే అది గుండ్రటి అక్షరాలతో ఎక్కించుకునేది. పదో తరగతిలో మంచి మార్కులే వచ్చాయి. ఆ మార్కులనే చాలా ఏళ్లు నాకు నేను చూపించుకున్నాను, చూడు, ఏమీ కాలేదు అని. నాకేమో ఆ తనిఖీ తరువాత శిక్షకురాలి పని దొరికింది. మండలాలు తిరిగి, పిల్లలను ఆలోచించనివ్వండి అని టీచర్లకు చెప్పాను. చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. ఇన్నాళ్లూ అది ఎలా సహించిందో నాకే తెలియదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే బహుశా మీకు కూడా చెప్పేదాన్ని కాదు.

ఈ మధ్య మైదుకూరులో ఒక ప్రైవేటు బడివాళ్లు గణిత ప్రదర్శనకు అతిథిగా పిలిచారు. గేటు దగ్గర ఎదురొచ్చింది ఎస్తేరు. ఆ బడిలో లెక్కల టీచర్. నన్ను పిలవమని చెప్పింది తనేనట. నా చేయి పట్టుకుని తోటి వాళ్లందరికీ మా మేడమ్, మా మేడమ్ అని చూపించింది. తరువాత ఏడో తరగతికి తీసుకుపోయి ఆలోచనల పుస్తకాలు నా ముందు పెట్టింది.

మొదటి పుస్తకం తెరిచాను. తప్పు జవాబు, దాని మీద ఒకే ఒక గీత. రెండోది తెరిచాను. అదే తప్పు, అదే గీత. ఎస్తేరు మురిసిపోతూ చెప్పింది. కిటికీ వైపు వాళ్లకు ఒక తప్పు, తలుపు వైపు వాళ్లకు ఒకటి, మీరు మాకు రాయించినట్లే రాయిస్తాండాను మేడమ్, చూసినోళ్లు శానా బాగుందంటాండారు అని. ఆ గీత నాది.

ఆగలేక అడిగాను. బండ మందం రెండింతలైతే బరువు ఎనిమిదింతలని రాశావు, మీ నాన్న ఎత్తలేడని రాశావు, గుర్తుందా అని. నవ్వింది.

"నేనా మేడమ్? నాకు అంత తెలివి యాడ ఉండాది అప్పుడు? మీరే గదా సాయంత్రం క్లాసులో కూర్చోబెట్టి నన్ను దారికి తెచ్చినారు."

కృతజ్ఞతతో అంది. ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమో అని ఆ ముఖంలో వెతికాను. ఉంటే ఎంత బాగుండేది. క్షమించమని అడగడానికైనా, తన దగ్గర నుంచి ఏం పోయిందో గుర్తున్న మనిషి కావాలి. అలాంటి మనిషిని నేను మిగల్చలేదు.

అక్కడే చెప్పి ఉండాల్సింది. చెప్పడానికి నోరు తెరుస్తూ చేతిలోని పుస్తకం పేజీ తిప్పాను. ఒక పేజీ లేదు. స్కేలు ఆనించి అంచు వెంబడి నీటుగా చించేసి ఉంది. అది ఏ పిల్లదో, అందులో ఏముండేదో నేను అడగలేదు. పుస్తకం మూసేశాను. శాలువా కప్పించుకున్నాను. అతిథుల పుస్తకంలో 'పిల్లల ఆలోచనా శక్తి ఎంతో బాగుంది' అని రాసి, కింద సంతకం పెట్టాను. ఎవరూ బలవంతం చేయలేదు. పన్నెండేళ్ల కిందట భయపడ్డాను అనుకోవచ్చు. మొన్న దేనికి భయపడ్డాను?

ఎన్ని వందల మంది పిల్లల చేత 'నేను చేసిన తప్పు' అని రాయించానో లెక్క లేదు. ఆ శీర్షిక కింద నేను మాత్రం ఒక్కనాడూ ఏమీ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. బండ రెండింతలే అవుతుందని ఎస్తేరు అనుకోలేదు. నాలుగింతలని ఆ పిల్లకు ముందే తెలుసు, ఎనిమిదింతల దాకా తనంతట తానే పోయింది. వెనకబడిన పిల్ల అని అబద్ధం చెప్పి, దాన్ని తనే నమ్మేలా చేసింది నేను. దీని మీద గీత కొట్టడం లేదు.