చేపకంటే ముందు రీలు

కుట్టు మిషన్ నూనె సీసా మూత తీసినప్పుడల్లా నాకు చెరువు వాసన వస్తుంది. చెప్తే నవ్వుతారు. ఆ నూనెకు అసలు వాసనే ఉండదని నా షాపులో కుట్టు నేర్చుకునే ఆడపిల్లలు వాదిస్తారు. వాళ్ళ ముక్కులు మంచివే కావచ్చు. కానీ మా ఇంట్లో ఆ నూనె మిషన్‌కు ఎంత ఖర్చయిందో, మా మామ చేపలు పట్టే రీళ్ళకూ అంతే ఖర్చయింది. నిన్న ఆదివారం ఇత్తడి రీలు విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్ళీ బిగించి పిడి తిప్పాను. కిర్రుమంటూ తిరిగింది. ఆ చప్పుడుకు వసారాలో గోడకు ఆనుకొని కూర్చున్న మామ గుర్తుకొచ్చారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది గానీ, రీలు తిరిగినంతసేపూ ఆయన లేరని నాకు అనిపించదు.

మా మామ పేరు వెంకటరవణప్ప. గుడిబండెలో కరెంటు లైన్‌మెన్‌గా పనిచేసి రిటైరయ్యారు. మనిషి పొడుగు, మాట పొట్టి. నా పుట్టిల్లు చింతామణి. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు నాతోపాటు నా కుట్టు మిషన్ కూడా వచ్చింది. వచ్చిన కొత్తలో ఒకరోజు పొద్దున మామ గడప బయటే నిలబడి గొంతు సవరించుకున్నారు. నా పనిలో ఏం తప్పు దొరికిందో అని గబుక్కున లేచాను.

“శారదమ్మా, నీ మిషన్ నూనె ఒక సుక్క ఇస్తావా?”

“దేనికి మామా? తలుపుకా?”

“తలుపుకైతే ఆముదం చాలు. ఇది తలుపు కాదు,” అని చేతిలోని రేకు డబ్బా తెరిచారు.

లోపల మెత్తటి పాత పంచె గుడ్డలో రెండు రీళ్ళు ఉన్నాయి. గాలం కర్రకు బిగించి దారం చుట్టుకునేవి. ఒకటి స్టీలుది, ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో బెంగళూరులో కొనుక్కున్నది. ఇంకోటి ఇత్తడిది, అరచేతి మందాన బరువుగా ఉంది. మామ వాళ్ళ నాయన నంది కొండ మీద ఒక బంగళాలో వంట చేసేవారట. అక్కడ విడిది చేసిన దొర ఒకాయన ఊరు విడిచిపోతూ దాన్ని ఇచ్చిపోయాడు. ఆ దొర పేరేమిటంటే మామకూ తెలియదు. “మా నాయన చేతి పులుసు తిన్న దొర,” అనేవారు. కొబ్బరినూనె ఎందుకు వేయరని అడిగితే, చలికాలం గడ్డకట్టి పళ్ళ చక్రానికి పట్టుకుంటుందని చెప్పారు. ఇంట్లో మగవాళ్ళు కోడలితో ఇంత వివరంగా మాట్లాడటం నేను చింతామణిలో చూడలేదు. నాకు ఆయన ఆ రోజే నచ్చారు.

చెరువులో నీళ్ళున్న రోజులవి. ఆదివారం పొద్దున్నే రాగిముద్ద ఎర పెట్టుకుని వెళ్ళి, ఎండ ముదిరేసరికి చేపలతో వచ్చేవారు. వచ్చాక ఇంట్లో ఒక ఆచారం ఉండేది. ముందు రీలు విప్పాలి, తడి తుడవాలి, నూనె వేసి బిగించాలి. ఆ తరువాతే చేప మీద కత్తి పడాలి. మసాలా నూరుకుని కూర్చున్న మా అత్తకు ఒళ్ళు మండేది.

“కడుపులు కాల్తాంటే ఆ ఇత్తడి ముక్కకు స్నానం చేయిస్తాండారు సూడమ్మా,” అని నాతో అనేది.

“చేప ఈరోజు తిని మరిసిపోతాం. ఇది రేపటికి గూడా ఉండల్ల గదా,” అనేవారు మామ, తల ఎత్తకుండానే.

“అయితే ఆ రీలునే పులుసు పెడతా ఉండండి.”

అత్త అన్నంత పనీ చేసేదేమో గానీ, ఆమె కూడా ఒక్క రోజూ రీలు ఆరకముందు చేప కోయలేదు. నోటితో తిట్టడం, చేత్తో పాటించడం ఆమె పద్ధతి.

మా మరిది మంజునాథ్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చిన ఏడాది, ఆయుధపూజకు కొత్త బైకు మీద ఇంటికి వచ్చాడు. మా వైపు ఆ రోజు బండ్లకూ, ప్రతి పనిముట్టుకూ పూజ. మామ కటింగ్ ప్లేయరు, అత్త కొడవలి, నా మిషన్, రెండు రీళ్ళు అన్నీ కడిగి పీట మీద పెట్టాం. రీళ్ళకు మాత్రం పువ్వు పెట్టి, బొట్టు డబ్బాకు పెట్టడం మామ అలవాటు. ఆ ఏడు ఆయన స్నానానికి వెళ్ళిన సందులో మంజు పూజ మొదలుపెట్టేశాడు. బైకు చక్రాలకు పెట్టినట్టే ఇత్తడి రీలుకూ తడి కుంకుమ, పసుపు దండిగా పూశాడు. పిడి మొదట్లో, మూత సందులో, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ. మెరవాలని పైన కొబ్బరినూనె కూడా రుద్దాడు. తాత రీలు కదా అని చేసిన మర్యాద అది. మామ స్నానం చేసి వచ్చి, దాని మీదే పువ్వు పెట్టి దండం పెట్టుకున్నారు. మరునాడు మంజు బెంగళూరు వెళ్ళిపోయాక పిడి తిప్పితే రీలు కదల్లేదు. లోపల కుంకుమ నూనెతో కలిసి జిగురైపోయింది.

అప్పటికే మామ చేతులు వణుకుతుండేవి. చిన్న స్క్రూ పట్టుకుంటే జారి పడేది. పైకి చెప్పలేదు గానీ, ఆ రీలును విప్పి కట్టే చెయ్యి ఇంకొకటి తయారు కాకపోతే అది తనతోనే ఆగిపోతుందని ఆయనకు బెంగ. మా ఆయనకు లారీ తప్ప వేరే లోకం లేదు. మంజు ఊళ్ళో ఉండడు. మామ పేపరు పరిచి, స్క్రూ డ్రైవరు నా ముందు పెట్టారు.

“నువ్వే విప్పమ్మా.”

“నాకు యాడ వస్తాది మామా?”

“మిషన్ విప్పేది వచ్చినప్పుడు ఇది రాకుండా పోతాదా? తీసింది తీసినట్లే వరసగా పెట్టు. మళ్ళా కడాకు తీసింది మొదట బిగించు. అంతే ఇద్య.”

మూత, స్ప్రింగు, పళ్ళ చక్రం ఒక్కొక్కటీ తీసి పేపరు మీద వరుసగా పెట్టాను. కిరసనాయిలు గుడ్డతో పంటి సందులన్నీ తుడిచాను. చివరికి మూత లోపలివైపు ఒక మూల ఎరుపు మిగిలింది. సూది మొనతో గీకబోతే మామ చెయ్యి అడ్డం పెట్టారు.

“ఆడ ఉండనీ. తిరిగేదానికి అడ్డం రాదు. వాడు భక్తిగా పెట్టినాడు.”

“మంజుకు ఫోన్ చేసి చెప్పల్లా, ఇంకోసారి ఇట్ల పుయ్యకుండా?”

“వద్దు. చెప్తే ఇంగ దీని మీద చెయ్యే పెట్టడు.”

ఆ సాయంత్రం రీలు కిర్రుమంది. మామ నవ్వారు. మెచ్చుకుంటారేమో అని చూశాను. “వచ్చే ఆదివారం నువ్వే,” అన్నారు. మా ఇంట్లో మెచ్చుకోలు అంటే అదే.

తరువాత చెరువు ఎండిపోయింది. వరుసగా వానలు లేవు. మామ గాలం కర్రలు అటక మీదికి పోయాయి, రీళ్ళు మాత్రం పోలేదు. ఆదివారం వస్తే పేపరు పరచాల్సిందే. ఆయన పక్కన కూర్చునేవారు, నేను విప్పేదాన్ని. చెరువులో జీపులు తిరుగుతున్న కాలంలో రీలుకు నూనె వేయడం చూసి ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. ఒకరోజు నాకూ విసుగొచ్చి, నీళ్ళే లేనిచోట ఇదంతా ఎందుకు మామా అన్నాను.

“నీళ్ళు మన చేతిలో లేవమ్మా. నీళ్ళు వచ్చిన దినం ఇది తిరగకపోతే, అది మన తప్పు అవతాది,” అన్నారు. ఆయన చెప్పిన వాటిలో పెద్ద మాట ఇదే. ఆ ఎండిన కాలంలోనే జ్వరం వచ్చి పోయారు. చెరువు నిండటం ఆయన చూడలేదు. దానికి నాకు ఇప్పటికీ కోపమే, ఎవరి మీదో తెలియదు.

ఆయన పోయాక ఒక ఏడు వానలు పట్టుకుని, చెరువు నిండి మిగులు నీళ్ళు మరవ దాటి పారాయి. ఊరంతా చీరెలు, పసుపు కుంకుమలు తీసుకెళ్ళి గంగమ్మకు ఇచ్చింది. అప్పుడే మంజు బెంగళూరు నుంచి ఒక అద్దాల పెట్టె తెచ్చాడు. లోపల లైటు కూడా ఉంది. కొత్త ఇంటి హాలులో ఇత్తడి రీలు అందులో పెడతాడట. స్టీలుది వద్దు, తాత కాలంది కావాలన్నాడు.

“నాయన గుర్తుగా వదినా. ఈడ ఉంటే ఎప్పుడో ఒకరోజు చెరువులో పడిపోతాది.”

అతనికి హక్కు ఉంది. అద్దాల్లో పెడితే ఏడాదికల్లా బిగుసుకుపోతుందని నాకు తెలుసు. అన్నీ తెలిసినా కొడుకుతో కోడలు ఎట్లా వాదించాలి? పేపరు పరిచాను. స్క్రూ డ్రైవరు అతని ముందు పెట్టాను.

“తీసుకుపో మంజూ. అయితే ఒకసారి నీ చేత్తో విప్పి బిగించి తీసుకుపో. మామ ఉంటే గూడా అదే అనేవారు.”

నవ్వుతూ మొదలుపెట్టాడు. కంప్యూటర్లు విప్పే చేతులు కదా, మూత తొందరగానే వచ్చింది. దాన్ని తిప్పి చూసి ఆగిపోయాడు.

“ఇదేంది వదినా, ఈ ఎరుపు?”

“నువ్వు పెట్టిన బొట్టే. ఆ ఆయుధపూజకు రీలు బిగుసుకుపోయింది. లోపలంతా తుడిచినాం. అది మాత్రం మామ తుడవనీలేదు. నీకు చెప్పొద్దన్నారు.”

మంజు మూత ఒళ్ళో పెట్టుకుని ఆ ఎరుపును బొటనవేలితో తడిమాడు. తండ్రి పోయినప్పుడు పనుల హడావుడిలో ఏడవని మనిషి, ఆ రోజు వసారాలో ఏడ్చాడు. నేను లోపలికి వెళ్ళి అత్తతో ఉల్లిపాయలు తరిగాను. బయటినుంచి కాసేపటికి పిలుపు వినబడింది.

“నూనె యాడ ఉండాది వదినా?”

రీలు ఇక్కడే ఉంది. వీలైన ఆదివారాల్లో మంజు బెంగళూరు నుంచి బస్సులో వస్తాడు, చెరువుకు వెళ్తాడు, చేప కోయకముందే రీలు విప్పుతాడు. అత్త తిట్లు ఇప్పుడు అతనికి. అద్దాల పెట్టె నా షాపులో ఉంది, గుండీలకూ జిప్పులకూ బాగా పనికొచ్చింది. నేర్చుకునే పిల్లలు వంకర కుట్టు వేస్తే విప్పిస్తాను. అది లోపలి అస్తరు మీద పడి, బట్టకు ఇబ్బంది లేకపోతే మాత్రం వదిలేస్తాను. మంజు రాని ఆదివారం రీలు నేను విప్పుతాను. అన్నీ తుడుస్తాను. మూత మూలలో ఆ ఎరుపు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ పక్కకు తిప్పుతాను.